మూడో రోజు కేకు

పుట్టినరోజు మర్నాడు ఫ్రిజ్ తలుపు తీసినవాళ్లెవరికైనా తెలిసిన దృశ్యమే. పై అరలో అడ్డంగా కూర్చున్న అట్టపెట్టె. మూత సరిగా పడదు, బయటికి లాగబోతే పక్కనున్న పెరుగు గిన్నె కదులుతుంది. లోపల, పేరులో సగం అక్షరాలు మిగిలిన కేకు. మొన్న మే నెలలో మా చిన్నోడి పుట్టినరోజుకు కిలోన్నర కేకు తెప్పిస్తే, వచ్చిన పిల్లలు పైనున్న చెర్రీలు ఏరుకుని, క్రీమ్ నాకి, బెలూన్ల వెంట పరుగెత్తారు. ముప్పావు కిలో దాకా మిగిలింది. రెండో రోజు వస్తూ పోతూ తలో ముక్క తిన్నాం. మూడో రోజు చెంచా గుచ్చితే పొడిపొడిగా రాలింది. "ఎండిపోయింది, ఇంకెందుకు, పారెయ్," అన్నారు మావారు.

ఆ "ఎండిపోయింది" అన్న మాట దగ్గరే నాకు పేచీ. ఎండడమంటే నీరు పోవడం. గాలి చొరని డబ్బాలో పెట్టిన కేకులో నీరు ఎక్కడికి పోతుంది? ఈ వ్యాసం కోసమే ఇంకో కేకు ముక్కను, క్రీమ్ లేనిదాన్ని, బిగుతు మూత డబ్బాలో పెట్టి మొదటి రోజూ మూడో రోజూ తూచాను. మా వంటింటి త్రాసు తేడా పట్టుకోలేకపోయింది. ముక్క మాత్రం మొదటి రోజు దూదిలా ఉండి, మూడో రోజుకు గట్టిపడింది. బరువు తగ్గలేదు, మెత్తదనం తగ్గింది. 1852లో ఫ్రాన్సు రసాయన శాస్త్రవేత్త బూసింగో రొట్టె విషయంలో తేల్చిందీ ఇదే: నీరు పోకపోయినా రొట్టె పాతబడి గట్టిపడుతుంది, మళ్లీ వేడి చేస్తే మెత్తబడుతుంది. ఎండినదైతే వేడి చేసినకొద్దీ ఇంకా ఎండాలి కదా!

దీని కిటుకు మనకు కొత్తేమీ కాదు. రాత్రి మిగిలిన అన్నం ఫ్రిజ్‌లో పెట్టి పొద్దున తీసి చూడండి. మెతుకు పలుకుబారి, చేత్తో నలిపితే పుటుక్కున విరుగుతుంది. దాని మీద రెండు చుక్కల నీళ్లు చల్లి ఆవిరి పట్టిస్తే మళ్లీ అన్నమవుతుంది. బియ్యంలోనైనా మైదాలోనైనా ఉన్న పిండిపదార్థం రెండు రకాల పొడవాటి అణువుల ముద్ద. కొమ్మలు లేకుండా తీగలా సాగేది అమైలోజ్, చెట్టులా కొమ్మలు వేసేది అమైలోపెక్టిన్. పచ్చిపిండిలో ఇవి ఒద్దికగా సర్దుకుని ఉంటాయి. నీరు, వేడి తగిలితే ఆ సర్దుబాటు చెదిరి, రేణువులు ఉబ్బి, అణువుల మధ్య నీరు చేరుతుంది. గంజి చిక్కబడేది అందుకే. పొయ్యిలో ఉబ్బిన కేకు కూలకుండా నిలబడేదీ అందుకే, గుడ్డు తోడ్పాటుతో. చల్లారాక ఈ అణువులు తిరిగి ఒకదాని పక్కన ఒకటి చేరి స్ఫటికాలు కట్టడం మొదలుపెడతాయి. అమైలోజ్ ఆ పని గంటల్లో ముగిస్తుంది. అమైలోపెక్టిన్ రోజుల తరబడి చేస్తుంది. మధ్యలో ఉన్న నీరు డబ్బా దాటి పోదు, చోటు మారుతుందంతే. నాలుకకు మాత్రం పొడిగా తెలుస్తుంది. 1930 నాటికే కాట్జ్ అనే డచ్చి పరిశోధకుడు ఎక్స్ కిరణాలతో ఈ స్ఫటికాలు కట్టడాన్ని చూపించాడు.

ఇందులో ఒక చిక్కుంది. ఈ స్ఫటికాలు అన్నిటికన్నా వేగంగా కట్టేది గడ్డకట్టే స్థితికి కాస్త పైన, అంటే సరిగ్గా మన ఫ్రిజ్ ఉండే 4 డిగ్రీల చుట్టుపక్కల. పాడవకూడదని ఫ్రిజ్‌లో పెడతాం, దానివల్లే కేకు త్వరగా ముసలిదవుతుంది. క్రీమ్ లేని ప్లమ్ కేకు, స్పాంజి కేకు అయితే బయటే మూతపెట్టి ఉంచడం మేలు. ఇంకా ఎక్కువ రోజులు కావాలంటే ఏకంగా ఫ్రీజర్‌లో పెట్టాలి. అక్కడి చలిలో అణువులు కదల్లేవు, ముసలితనం ఆగిపోతుంది. క్రీమ్ కేకుకు మాత్రం ఈ సలహా చెల్లదు, దానికి ఫ్రిజ్ తప్పదు. రొట్టెకన్నా కేకు నెమ్మదిగా గట్టిపడడానికి కారణం అందులోని పంచదార, కొవ్వు. పంచదార నీటిని పట్టి ఉంచుతుంది, కొవ్వు పిండి రేణువుల చుట్టూ పొరలా పరుచుకుంటుంది.

ఇప్పుడు అసలు సంగతి. మూడో రోజు కేకు ముక్కగా తినడానికి పనికిరాకపోవచ్చు. ఉండలు కట్టడానికి మాత్రం అదే కావాలి. నిన్నటి అన్నంతో చేసిన పులిహోర పొడిపొడిగా వచ్చినట్టే, గట్టిపడిన కేకు చేత్తో నలిపితే రవ్వలా విడుతుంది. తాజా కేకును నలిపితే జిగటముద్ద అవుతుంది, అలాంటి ఉండ నోట్లో పచ్చిపిండిలా అంటుకుంటుంది. నేను ఒకసారి తొందరపడి, వేడి తగ్గని కేకుతో చేసి, పిల్లల చేత "చపాతీ పిండి చాక్లెట్" అనిపించుకున్నాను.

నేను పెద్ద పళ్లెంలో కేకు నలుపుతుంటే మా అమ్మ వచ్చి కాసేపు చూసింది. అమ్మది సిద్దిపేట దగ్గర పల్లె. "గిదేందే, మలీద చేస్తున్నవా?" అంది. కేకు ఉండలమ్మా అంటే, "అదే గదా బిడ్డా. రొట్టెకు బదులు కేకు, గంతే," అని కొంగు దోపుకుని పక్కన కూర్చుంది.

అమ్మ మాటలో తప్పేమీ లేదు. సద్దుల బతుకమ్మ నాడు తెలంగాణ ఇళ్లలో చేసే మలీద ముద్దలకు సజ్జరొట్టెనో గోధుమరొట్టెనో కాల్చి, చల్లార్చి, చేత్తో నలిపి, బెల్లం, నెయ్యి కలిపి ముద్దలు కడతారు. పీర్ల పండుగకూ మలీద ఉంటుంది. ఉడికిన పిండిని విరగ్గొట్టి, తీపితో, కొవ్వుతో మళ్లీ అతికించడం అందులోని సూత్రం. అమెరికాలో కేక్ పాప్స్ పేరుతో పుల్లకు గుచ్చి, రంగు పూత పూసిన ఈ ఉండలు 2008 ప్రాంతంలో ఏంజీ డడ్లీ అనే ఆవిడ చేతి మీదుగా ప్రచారంలోకి వచ్చాయి. అంతకు ఎన్నో ఏళ్ల ముందు నుంచే ఐరోపా బేకరీలు రోజు చివర మిగిలిన కేకును ఇలాగే సర్దేవి. డెన్మార్క్‌లో కోకో, రమ్ము వాసన కలిపి ఉండలు కడతారు. రష్యాలో చేసేదాని పేరు బంగాళాదుంప, ఆకారం కూడా అదే. స్వీడన్‌లో పచ్చరంగు బాదం ముద్దతో చుట్టి, రెండు కొసలూ చాక్లెట్‌లో ముంచుతారు. దాని వాడుక పేరు వాక్యూమ్ క్లీనర్! ఆకారం పాతకాలపు యంత్రంలా ఉంటుందని కొందరు, బేకరీలో రాలిన పొడినంతా ఊడ్చి చేస్తారని కొందరు. నాకు రెండో కారణమే నచ్చింది. మన బేకరీల గాజు అల్మరాలో కనిపించే రమ్ బాల్ కూడా ఈ కుటుంబంలోదే. చిన్నప్పుడు దాన్ని ప్రత్యేకంగా చేసిన స్వీటు అనుకుని పాకెట్ మనీ అంతా దానికే పోసేదాన్ని.

చేతిలో నలిపేటప్పుడు ఏం జరుగుతుందో చూద్దాం. స్పాంజి కేకు పరిమాణంలో సగానికి పైగా గాలే. నలిపి, ఒత్తితే ఆ గాలి పోయి, గుండ్రటి గిన్నెడు కేకు పిడికెడవుతుంది. ఈ పొడిని అతికించడానికి జిగురు కావాలి. జిగురు రెండు రకాలు. ఒకటి నీరు. చిన్నప్పుడు ఇసుకలో పాదం మీద పిచ్చుకగూళ్లు కట్టినవాళ్లకు దీని లెక్క తెలుసు. పొడి ఇసుక నిలవదు. తడి ఇసుక నిలుస్తుంది, రేణువుల మధ్య చిక్కుకున్న సన్నటి నీటిపొర తలతన్యతతో రెండింటినీ దగ్గరికి లాగుతుంది కాబట్టి. నీరు ఎక్కువై ఖాళీలన్నీ నిండిపోతే ఆ లాగుడు పోయి గూడు జారిపోతుంది. కేకు పొడిలో పాలు పోసినా అంతే. రెండు చెంచాలు అదృష్టం, నాలుగో చెంచా ఆపద. రెండో రకం జిగురు కొవ్వు. సున్నుండలో ఒక్క చుక్క నీరుండదు. వేడి నెయ్యి మినప్పిండి సందుల్లోకి దిగి, చల్లారాక పేరుకుని పట్టి ఉంచుతుంది.

ఏ జిగురు వాడామన్నదాన్ని బట్టి ఉండ ఆయువు ఉంటుంది. సున్నుండ నెల రోజులైనా చెడదు, పాలు చల్లి కట్టిన రవ్వలడ్డు మూడు నాలుగు రోజులకు వాసన తిరుగుతుంది. సూక్ష్మజీవులకు కావాల్సింది వాటికి అందే నీరు. నెయ్యిలో అది లేదు, పంచదార కొంత నీటిని బంధించి దక్కనివ్వదు, పాలల్లో కావాల్సినంత ఉంటుంది.

బయటి దేశాల వంట పద్ధతుల్లో కేకు పొడికి గిన్నెడు ఫ్రాస్టింగ్ కలపమని ఉంటుంది. దాన్ని గుడ్డిగా అనుసరిస్తే మన బేకరీ కేకు హల్వా అవుతుంది. వాళ్లు వాడేది క్రీమ్ లేని ఉత్త కేకు. మన పుట్టినరోజు కేకులో పొరపొరకూ పంచదార నీళ్లు చల్లి ఉంటాయి, మధ్యలోనూ పైనా క్రీమ్ ఉంటుంది. ఆ క్రీమ్ కూడా చాలా చోట్ల పాలమీగడ కాదు, పామ్ కెర్నెల్ లాంటి నూనెను గట్టిపరిచి, పంచదార, నీరు, ఎమల్సిఫయర్ కలిపి గిలక్కొట్టినది. అంటే నీటి జిగురు, కొవ్వు జిగురు రెండూ అందులోనే ఉన్నాయి. అందుకని ముందు కేకును మాత్రమే నలపాలి, క్రీమ్‌ను పక్కన గిన్నెలోకి తీసుకుని చెంచా చెంచాగా కలపాలి. పావుకిలో పొడికి నాకు రెండు మూడు చెంచాలతో సరిపోయింది. ఉత్త కేకైతే అదే కొలతకు కాస్త వెన్నో, గట్టి మీగడో, కరిగించిన చాక్లెట్టో పడుతుంది.

ఎప్పుడు ఆపాలో చెప్పడానికి అమ్మ దగ్గర కొలత ఉంది. "పిడికిట్ల వట్టి ఒక్కసారి గట్టిగ ఒత్తు. పలిగితే ఇంకింత గావాలె. ఏళ్ల సందులకెల్లి ఎల్లొస్తే ఎక్కువైనట్టు." ఒత్తి వదిలితే వేళ్ల గుర్తులు నిలిచిన ముద్ద సరైనది.

కట్టబోయే ముందు ఒక మాట. ఏ కేకునైనా ఉండ చేయవచ్చని కాదు. క్రీమ్ కేకు బయట ఎంతసేపు ఉందో గుర్తు తెచ్చుకోండి. త్వరగా చెడే పదార్థాలను గది వేడిలో 2 గంటలకు మించి, 32 డిగ్రీలు దాటిన వేడిలో గంటకు మించి ఉంచొద్దని అమెరికా వ్యవసాయ శాఖ చెబుతుంది. మన మే నెల ఫంక్షన్లలో కేకు కొయ్యడానికి ముందే ఫోటోలకు ముప్పావుగంట పోతుంది. ఇక కొవ్వొత్తులు ఊదే తతంగం. 2017లో అమెరికాలోని క్లెమ్సన్ విశ్వవిద్యాలయం వాళ్లు కొందరికి పిజ్జా తినిపించి, ఐసింగ్ పూసిన నమూనా కేకు మీద కొవ్వొత్తులు ఊదించి లెక్కపెడితే, ఊదని దానికన్నా బ్యాక్టీరియా సగటున 1400 శాతం ఎక్కువగా కనిపించాయి. వాటిలో ఎక్కువ భాగం నోటిలో మామూలుగా ఉండేవే కాబట్టి కంగారేం లేదు. అయినా మూడు రోజుల తర్వాత ఆ కేకును పిసికి మళ్లీ పిల్లలకే పెట్టబోతున్నాం కదా, పైపొర క్రీమ్‌ను నేను నిర్మొహమాటంగా గీకి పారేశాను. బూజు చుక్క కనిపిస్తే ముక్క కోసి మిగతాది వాడడం కాదు, మొత్తం పారేయడమే. చాక్లెట్ ముసుగు వేసినంత మాత్రాన కేకు వయసు తగ్గదు, ఉండ కట్టిన రోజు నుంచి కాక కేకు తెచ్చిన రోజు నుంచే లెక్క.

ఇక పూత. ఈ వంటలో శాస్త్రం ఎక్కువగా దాగి ఉన్నది ఇక్కడే, చాలామంది చేతులెత్తేసేదీ ఇక్కడే.

వెన్న కాచిన నెయ్యిని వెంటనే ఫ్రిజ్‌లో పెడితే నున్నగా, తెల్లగా పేరుకుంటుంది. గట్టు మీద నిదానంగా చల్లారనిస్తే పూసకడుతుంది. నెయ్యి అదే, చల్లారిన తీరు వేరు. కొవ్వు అణువులు గట్టిపడేటప్పుడు ఏ అమరికలో సర్దుకుంటాయన్నది వాటికి దొరికిన సమయం, వేడిమి నిర్ణయిస్తాయి. చాక్లెట్‌లో ఉండే కోకో బటర్‌కు ఈ గుణం మరీ ఎక్కువ. అది ఆరు రకాల స్ఫటికాలు కట్టగలదని 1966లో విల్లే, లటన్ అనే ఇద్దరు వర్ణించారు. ఆరింటికీ కరిగే వేడి వేరు. మొదటిది 17 డిగ్రీల దగ్గరే కరిగిపోయేంత బలహీనమైనది. మనకు కావాల్సింది ఐదోది. అది దాదాపు 34 డిగ్రీల దగ్గర కరుగుతుంది. అందుకే మంచి చాక్లెట్ చేతిలో గట్టిగా, విరిస్తే ఫట్‌మని, నోట్లో మాత్రం నీరై ఉంటుంది. నోటి వేడి 37 కదా.

చాక్లెట్‌ను కరిగించి ఊరికే చల్లారనిస్తే ఐదో రకం దానంతటది రాదు, తక్కువ రకాలన్నీ కలగాపులగంగా కడతాయి. పూత మెత్తగా, మసకగా ఉండి, రెండు రోజుల్లో పైన తెల్లటి పొర తేలుతుంది. అది బూజు కాదు, కొవ్వే. దీన్ని తప్పించే పనిని టెంపరింగ్ అంటారు. మనం రోజూ రాత్రి పాలకు చేసేదే: తోడు వేయడం. డార్క్ చాక్లెట్ ముక్కల్లో మూడింట రెండొంతులు 45 డిగ్రీల దాకా కరిగించి, దించి, మిగిలిన వంతును గట్టి ముక్కలుగానే వేసి కలుపుతూ 31, 32 డిగ్రీలకు చల్లార్చాలి. ఆ గట్టి ముక్కల్లో ఐదో రకం స్ఫటికాలు ముందే ఉంటాయి. వాటిని చూసి మిగతా కొవ్వు ఆ వరసలోనే కూర్చుంటుంది. పాలు మరీ వేడిగా ఉంటే తోడు చచ్చిపోయినట్టే, చాక్లెట్ మరీ వేడిగా ఉంటే ఆ విత్తన స్ఫటికాలు కరిగిపోయి పని చెడుతుంది. పాలలో వేలు ముంచి "సరిపోయింది" అనుకునే అనుభవం ఇక్కడా అక్కరకొస్తుంది. 32 డిగ్రీల చాక్లెట్ పెదవికి తగిలిస్తే వెచ్చగా ఉండదు, కాస్త చల్లగా తోస్తుంది.

ఇంత శ్రమపడి సాధించే ఐదో రకం 34 దగ్గర కరుగుతుందన్నాను. మే నెలలో మధ్యాహ్నం మా హైదరాబాద్ వంటిల్లు ఎంతుంటుంది? పొయ్యి వెలగకముందే 36. తోడు ఎంత బాగా వేసినా పెరుగు పొయ్యి మీద తోడుకోనట్టు, ఆ గదిలో ఏ టెంపరింగూ నిలవదు. చల్లటి దేశాల్లో పుట్టిన కిటుకును మన ఎండాకాలానికి తెచ్చి, పూత గట్టిపడలేదని మన చేతిని తిట్టుకోవడం దండగ. ఏలూరు, పశ్చిమ గోదావరి కొబ్బరితోటల నీడలో కోకో విరివిగా పండుతుంది, దిగుబడిలో దేశంలో ఆంధ్రప్రదేశ్‌దే మొదటి స్థానం. పండిన చోట నిలవని చాక్లెట్ మనది.

ఎండాకాలపు దారి కాంపౌండ్. బేకింగ్ సామాన్ల దుకాణంలో డార్క్ కాంపౌండ్, వైట్ కాంపౌండ్ అని అరకిలో స్లాబులుగా దొరుకుతుంది. ఇందులో కోకో బటర్ బదులు గట్టిపరిచిన పామ్ కెర్నెల్ నూనె లాంటి కొవ్వు, కోకో పొడి, పంచదార ఉంటాయి. ఈ కొవ్వు ఆరు వేషాలు వేయదు. కరిగించి ముంచితే దానంతటదే నిలిచే రకంగా గట్టిపడుతుంది, తోడు అక్కర్లేదు. కాస్త ఎక్కువ వేడిని ఓర్చుకునేలా చేసినవీ ఉంటాయి. బదులుగా రుచి తగ్గుతుంది, నోట్లో కరిగేటప్పుడు అంగిట్లో మైనపు పొర మిగులుతుంది, సంతృప్త కొవ్వు కూడా ఎక్కువే. రుచి పెంచుదామని సగం మంచి చాక్లెట్, సగం కాంపౌండ్ కలిపితే రెంటికీ చెడుతుంది. రెండు కొవ్వుల అణువుల ఆకారాలు వేరు, ఒకదాని వరసలో ఇంకొకటి ఇమడదు. ఆ మిశ్రమం దేనికదిగా ఉన్నప్పటికన్నా ముందే మెత్తబడుతుంది. నేనైతే మేలో కాంపౌండ్‌కే ఓటేశాను, ఆ లోటు పూడ్చడానికి కేకు పొడిలో వేయించిన జీడిపప్పు, చిటికెడు ఉప్పు కలిపాను.

కరిగించేటప్పుడు నీటికి భయపడాలి. చాక్లెట్ అంటే కొవ్వులో తేలుతున్న అతి సన్నటి పంచదార, కోకో రేణువులు. నాలుగైదు చుక్కల నీరు పడిందా, పంచదార తడిసి రేణువులన్నీ ఒకదానికొకటి అతుక్కుంటాయి, నిగనిగలాడే ద్రవం చూస్తుండగానే బంకమన్ను అవుతుంది. గోధుమపిండి డబ్బాలో తడిచెయ్యి పెడితే ఉండలు కట్టినట్టు. మరిగే నీళ్ల మీద గిన్నె పెట్టి కరిగిస్తే ఆవిరి చాలు ఈ పని చేయడానికి. అందుకే కింది గిన్నె కన్నా పై గిన్నె పెద్దదిగా ఉండాలి, నీళ్లు కుతకుతలాడకూడదు, గరిటె పొడిగా ఉండాలి. బిగుసుకుపోతే పారేయకండి. వేడి పాలు ఇంకొంచెం పోసి కలిపితే, పంచదార పూర్తిగా కరిగేంత నీరు దొరికి, సాస్‌లా జారుతుంది. పూతకు పనికిరాదు కానీ, తర్వాతి విడత కేకు పొడికి అంతకన్నా మంచి జిగురు లేదు. పూత పలచన చేయాలంటే పాలు కాదు, వంటకు వాడే కొబ్బరినూనె వంద గ్రాములకు ఒక చిన్న చెంచా.

ఉండ ఎంత ఉండాలి? 25 గ్రాములు తూచి కట్టాను, అడ్డంగా మూడున్నర సెంటీమీటర్లు వచ్చింది. ఒకటిన్నర మిల్లీమీటరు మందం పూతకు ఏడెనిమిది గ్రాముల కాంపౌండ్ పడుతుంది. అడ్డుకొలత సగం చేస్తే ఉండ బరువు ఎనిమిదో వంతుకు పడిపోతుంది, పైతలం నాలుగో వంతుకే తగ్గుతుంది. అంటే గోలీలంత చేస్తే కేకుతో పోల్చినప్పుడు పూత రెట్టింపవుతుంది. పిల్లలకు అదే ఇష్టం, కాంపౌండ్ కొనేది మనం.

మొదటి విడత పది ఉండలూ రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి, పొద్దున్నే రాయిలా ఉన్నవాటిని వేడి కాంపౌండ్‌లో ముంచి పళ్లెంలో పెట్టాను. అద్దంలా మెరిశాయి. పావుగంట తిరక్కుండా ఏడింటికి నడినెత్తిన బీటలు. ఒకదాని బీటలోంచి పంచదార నీరు బొట్టుబొట్టుగా కారింది. పూర్ణం బూరె నూనెలో చిట్లినప్పుడు అమ్మ ముఖం ఎలా ఉంటుందో నా ముఖం అలా ఉండి ఉంటుంది. కారణం కూడా దగ్గరిదే. లోపలిది ఉబ్బుతోంది, పైతోలు సాగనంటోంది. 4 డిగ్రీల దగ్గరున్న ఉండ 32 డిగ్రీల గదిలో వెచ్చబడితే లోపల మిగిలిన గాలి నూటికి పదివంతులు వ్యాకోచిస్తుంది, గడ్డకట్టిన క్రీమ్ కొవ్వు కరిగి కాస్త పెరుగుతుంది. అదే సమయంలో పూత గడ్డకడుతూ కుంచించుకుంటుంది. అచ్చులో పోసిన చాక్లెట్ తనంతట తాను వదిలి వచ్చేదీ ఈ కుంచించుకోవడం వల్లే. రెండు వైపుల లాగుడుకు పూత బద్దలవుతుంది.

రెండో విడతకు ఉండలను ఇరవై నిమిషాలే ఫ్రిజ్‌లో ఉంచాను, ఆకారం నిలవడానికి చాలినంత. తీసి ఐదు నిమిషాలు ఆగాను. కాంపౌండ్‌ను కూడా గిన్నె అడుగు చెయ్యి ఓర్చుకునేంత దాకా చల్లార్చాను. పుల్లలు లేవు, ఫోర్క్ మీద ఉండను పెట్టి ముంచి, గిన్నె అంచుకు రెండుసార్లు తట్టి, అడుగు గీకి జార్చాను. పదింటికి తొమ్మిది నిలిచాయి. పుల్లకు గుచ్చాలనుకునేవాళ్లు పుల్ల కొనను ముందు చాక్లెట్‌లో ముంచి, సగం లోతు దాకా గుచ్చి, అది గట్టిపడ్డాకే ఉండను ముంచాలి. లేకపోతే తలకిందులు చేసిన మరుక్షణం ఉండ గిన్నెలో, పుల్ల చేతిలో.

ఈ విజయగర్వంతో వైజాగ్‌లో ఉన్న మా చెల్లికి ఫోన్‌లో పద్ధతంతా చెప్పాను. సాయంత్రం వీడియో కాల్ చేసింది. "అక్కా, గీ ఉండలకు చెమటలు వడుతున్నయే!" నిజంగానే పూత వేయకముందే ఉండల మీద ముత్యాల్లా నీటి బొట్లు, గిన్నెలో బంకమన్ను. సముద్రం ఒడ్డున 32 డిగ్రీల వేడి, 70 శాతం తేమ ఉన్న గాలి దాదాపు 26 డిగ్రీలకు చల్లబడితే చాలు, అందులోని ఆవిరి నీరవుతుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన ఏ వస్తువైనా అంతకన్నా చల్లగానే ఉంటుంది. మంచినీళ్ల సీసాకు పట్టే చెమటే అది. హైదరాబాద్ మే గాలి పొడిది కాబట్టి నేను బతికిపోయాను. చెల్లికి ఇంకో ఉపాయం కావాలి. ఏసీ గదిలో, గాలి పొడిబారాక చేయాలి, ఉండలను మూత డబ్బాలో పెట్టే చల్లార్చాలి, డబ్బా బయటికి తీశాక లోపలి చలి తగ్గేదాకా మూత తీయకూడదు. పూత వేసినవాటిని దాచి మళ్లీ తీసేటప్పుడూ ఇదే వరస. లేకపోతే ఆ చెమటలో పూతలోని పంచదార కరిగి, ఆరాక గరుకు తెల్ల మచ్చలు మిగులుతాయి. లేదా పూత మాట మరిచిపోయి, ఎండుకొబ్బరి పొడిలోనో వేయించిన నువ్వుల్లోనో పొర్లించుకోవచ్చు. వాటికి కరగడాలు, బీటలు లేవు. చెల్లి రెండోది చేసింది.

డిసెంబరులో క్రిస్మస్ ప్లమ్ కేకు సగం మిగిలింది. పొద్దున్నే మావారు తలకు రాసుకుందామని కొబ్బరినూనె సీసా ఎంత వంచినా రావడం లేదని కేకేశారు. కొబ్బరినూనె 24 డిగ్రీల చుట్టుపక్కల పేరుకుంటుంది. అంటే గది అంతకన్నా చల్లగా ఉంది. ధర్మామీటరు వెతకలేదు. దాచిపెట్టిన అసలు చాక్లెట్ బయటికి తీసి, మూడో వంతు తోడుకు పక్కన పెట్టి, మిగతాది పొయ్యి ఎక్కించాను. ఉండలు ముంచి గట్టు మీదే వదిలేశాను, ఫ్రిజ్ జోలికి పోలేదు. పది నిమిషాలకు మెరుపు తగ్గకుండా గట్టిపడ్డాయి. చిన్నోడు ఒకటి కొరికితే ఫట్‌మన్న శబ్దం హాల్లోకి వినిపించింది.

చెల్లికి ఫోన్ చేసి, మీ ఇంట్లో కొబ్బరినూనె పేరుకుందా అని అడిగాను. వాళ్ల సీసాలో ఇంకా నీళ్లలాగే కారుతోందట.